పసిబిడ్డ ఇంటికి వచ్చాక మొదటి నలభై రోజులు

ఆసుపత్రి నుంచి వచ్చిన తల్లీబిడ్డలకు గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీసి లోపలికి తీసుకువెళ్ళేవరకు ఇంట్లో ఎవరి పని ఏమిటో అందరికీ తెలుసు. గంట గడిచి, బిడ్డ గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాక ఎవరికీ ఏమీ తోచదు. ఆసుపత్రిలో అనుమానం వస్తే అడగడానికి నర్సు ఉండేది. ఇక్కడ ఆమె స్థానంలో పదిమంది పెద్దలు ఉంటారు. పాలు చాలడం లేదని ఒకరు, వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయమని ఒకరు, మాడు మీద ఆముదం నిలవాలని మరొకరు చెబుతుంటే, ఇవన్నీ మూఢనమ్మకాలని ఫోన్ చూసి వాదించే తమ్ముడు ఇంకొకడు ఉంటాడు. వీళ్ళందరి మధ్య, మూడు రోజులుగా కంటికి కునుకు లేని పచ్చిబాలింత కూర్చుని ఉంటుంది.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్న మన ఆనవాయితీ తెలివైనదే. బాలింత చేత చాకిరీ చేయించకుండా, వేళకు వేడివేడి అన్నం పెట్టి, నలభై రోజులు కదలనివ్వకుండా చూసుకునే ఏర్పాటు అది. అయితే ఈనాటి ఇళ్ళలో ఆ ఏర్పాటు కొంత తలకిందులైంది. బిడ్డను ఎత్తుకోవడానికి పోటీపడేవారు ఎక్కువయ్యారు, అర్ధరాత్రి తడిసిన గుడ్డలు మార్చేవారు తక్కువయ్యారు. అందుచేత ముందుగా ఇంటిల్లిపాదీ ఒక్క ఒప్పందానికి రావాలి: బిడ్డకు పాలివ్వడం తల్లి పని, తల్లిని చూసుకోవడం మిగిలినవారి పని, బిడ్డ బాగున్నదీ లేనిదీ తేల్చవలసింది ఎవరి ఊహా కాదు, రాసి పెట్టుకున్న లెక్క. కింద చెప్పే విషయాలన్నీ ఈ ఒప్పందాన్ని నడిపించే విధానాలే.

ముందే సర్దుకోవలసినవి

ఆసుపత్రి నుంచి బయలుదేరేముందు డిశ్చార్జి కాగితంలో మూడు సంగతులు ఉన్నాయో లేదో చూసుకోండి. మొదటిది, పుట్టినప్పటి బరువు, ఇంటికి పంపేనాటి బరువు. రెండవది, పుట్టిన వెంటనే ఇవ్వవలసిన బి.సి.జి., పోలియో చుక్కలు, 24 గంటల లోపల వేయవలసిన హెపటైటిస్-బి టీకాల వివరం. మూడవది, రక్తస్రావం రాకుండా ఇచ్చే విటమిన్-కె ఇంజెక్షన్ ఇచ్చారా లేదా అన్నది. మొదటి వారాల్లో ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందుగా అడిగేవి ఇవే.

బిడ్డను ఉంచే గదికి గాలీ వెలుతురూ ఉండాలి. వెనుకటి రోజుల్లో పురిటి గదిని చీకటిగా ఉంచి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టేవారు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెడితే కంటికి కనిపించని విషవాయువు నిండి తల్లీబిడ్డల ప్రాణానికే ముప్పు వస్తుంది కనుక ఆ అలవాటును పూర్తిగా మానుకోవలసిందే. పొత్తిగుడ్డలకు కొత్త బట్ట కొననవసరం లేదు. వాడి మెత్తబడిన నూలు చీరలను, పంచెలను చింపి, ఉతికి, ఎండలో ఆరవేసిన ముక్కలు రెండు మూడు డజన్లు ఉంటే చాలు. దుకాణం నుంచి తెచ్చిన బట్టలను గంజి పోయేలా ఒకసారి ఉతికిన తరువాతే తొడగాలి.

లెక్క రాయడానికి ప్రత్యేకంగా పుస్తకం కూడా అక్కరలేదు. పాలవాడి లెక్క రాసుకునే గోడ క్యాలెండరు గడుల్లోనే రోజుకు ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్ని గుడ్డలు తడిపింది, విరేచనం ఏ రంగులో అయింది అన్నవి గీతలతో, ఒకటి రెండు మాటలతో గుర్తుపెట్టుకోవచ్చు. ఈ పనిని తండ్రికి అప్పగించడం మంచిది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఇద్దరు పిల్లల వరకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంటుంది. అది ఇప్పటికీ బారసాల భోజనాల ఏర్పాట్లకే ఎక్కువగా ఖర్చవుతున్నది. రాత్రి వంతులకు వాడుకుంటే దానికి అంతకన్నా మంచి ఉపయోగం లేదు.

పాలు పడలేదన్న మాట

మొదటి వారంలో ఇంటిని అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది ఈ మాటే. కాన్పు తరువాత మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి పసుపుపచ్చని, చిక్కని ముర్రుపాలు. అవి చెంచాల్లో కొలిచేటంతే వస్తాయి. అప్పటి బిడ్డ పొట్ట పట్టేది కూడా అంతే. మూడవ, నాలుగవ రోజుకు రొమ్ములు బరువెక్కి పాలు ధారాళంగా వస్తాయి. ఆపరేషన్ కాన్పు అయినవారికి ఒక రోజు ఆలస్యం కావచ్చు. ఈ రెండు మూడు రోజుల వ్యవధిలోనే పంచదార నీళ్ళు, తేనె, డబ్బాపాలు, వీధిలో అమ్మకానికి వచ్చే గాడిదపాలు ఇంట్లోకి ప్రవేశిస్తాయి. బిడ్డ కడుపు వాటితో నిండితే రొమ్ము పీల్చదు. పీల్చకపోతే పాలు పెరగవు. అప్పుడు పాలు పడలేదన్న మాట నిజంగానే నిజమైపోతుంది. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాల వల్ల ఏడాది లోపు పిల్లలకు కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు కనుక, ఆచారం కోసం నాకించే ఒక్క చుక్క కూడా వద్దు. గాడిదపాలు ఉబ్బసం రాకుండా చేస్తాయన్న నమ్మకం మన జిల్లాల్లో బలంగా ఉంది. కాచకుండా పట్టే ఆ పాలతో విరేచనాలు రావడమే తప్ప పసిబిడ్డకు ఒరిగేది లేదు.

పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించడం, ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళతో సహా మరేమీ ఇవ్వకపోవడం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నియమం. రోహిణీ కార్తె ఎండల్లో కూడా బిడ్డకు విడిగా నీళ్ళు అక్కరలేదు. దాహమైతే మరికొన్నిసార్లు పాలు తాగుతుంది, ఆ పాలలో ఎక్కువ భాగం నీరే. విటమిన్-డి చుక్కలు, డాక్టరు రాసిన మందులు మాత్రమే ఈ నియమానికి మినహాయింపు.

రోజుకు 8 నుంచి 12 సార్లు, అంటే రాత్రీ పగలూ కలిపి రెండు మూడు గంటలకొకసారి, బిడ్డ పాలు తాగుతుంది. ఏడుపు వినిపించేదాకా ఆగకూడదు. పెదవులు చప్పరించడం, తల అటూ ఇటూ తిప్పుతూ వెతకడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం ఆకలికి మొదటి గుర్తులు. గుక్కపట్టి ఏడ్చే బిడ్డకు రొమ్ము పట్టించడం కష్టం, ముందు ఎత్తుకుని ఊరడించవలసి వస్తుంది. పట్టించేటప్పుడు బిడ్డ తల, వీపు, నడుము ఒకే వరుసలో ఉండి, పొట్ట తల్లి పొట్టకు తాకుతూ ఉండాలి. నోరు పెద్దగా తెరిచిన క్షణంలో బిడ్డను రొమ్ము దగ్గరకు తేవాలి గాని, వంగి రొమ్మును బిడ్డ నోట్లో పెట్టరాదు. అలా వంగినందువల్లనే బాలింతలకు మెడా నడుమూ పట్టేస్తాయి. చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లని భాగంలో ఎక్కువ మేర బిడ్డ నోట్లోకి వెళ్ళాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి. ఇలా పట్టినప్పుడు మొదటి కొద్ది క్షణాల తరువాత నొప్పి ఉండదు, మింగుతున్న చప్పుడు వినిపిస్తుంది. నొప్పి కొనసాగుతూ ఉంటే చిటికెన వేలిని బిడ్డ నోటి మూలలో పెట్టి పట్టు విడిపించి, మళ్ళీ మొదటి నుంచి పట్టించాలి. చనుమొనల పగుళ్ళకు అసలు మందు ఈ సర్దుబాటే. తరువాత రెండు చుక్కల పాలనే అక్కడ రాసి గాలికి ఆరనిస్తే సరిపోతుంది.

పాలు చాలుతున్నాయా అన్న ప్రశ్నకు గోడ మీది లెక్క జవాబు చెబుతుంది. మొదటి రోజు ఒకసారి, రెండవ రోజు రెండుసార్లు, మూడవ రోజు మూడుసార్లు అన్న వరుసలో మూత్రం పెరుగుతూ, అయిదారు రోజుల నుంచి రోజుకు కనీసం ఆరు గుడ్డలు బాగా తడవాలి. విరేచనం మొదట తారులా నల్లగా ఉండి, మూడు నాలుగు రోజులకు ఆకుపచ్చగా మారి, అయిదవ రోజుకు ఆవపిండి కలిపినట్టు పచ్చగా, పలుచగా రావాలి. రోజుకు అయిదారుసార్లు అయినా అవి విరేచనాలు పట్టుకున్నట్టు కాదు. మొదటి రెండు మూడు రోజుల్లో గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక కనిపించడం మామూలే గాని, అయిదవ రోజు తరువాత కూడా కనిపిస్తుంటే పాలు చాలడం లేదని అర్థం. బరువు సంగతి కూడా ఇంతే. మొదటి వారంలో పుట్టినప్పటి బరువులో పదవ వంతు వరకు తగ్గవచ్చు. 3 కిలోల బిడ్డ 2 కిలోల 700 గ్రాములకు దిగి, రెండు వారాలకల్లా మళ్ళీ 3 కిలోలకు చేరాలి. అక్కడి నుంచి రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఈ లెక్కలన్నీ సరిగా ఉన్న బిడ్డ ఏడ్చినా అది పాలు చాలక వచ్చే ఏడుపు కాదు, పోతపాలు అవసరం లేదు. లెక్క తప్పితే మాత్రం వంటింటి సలహాతో ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. పోతపాలు నిజంగా అవసరమని వారు చెబితే పాలసీసా కొనకండి. మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న ఉగ్గుగిన్నె అంతకన్నా మేలు. దానిని కడగడం తేలిక, మరగబెట్టడం తేలిక, బిడ్డకు రొమ్ము పట్టే అలవాటు తప్పదు.

రాత్రి పాలు మానిపించి తల్లిని నిద్రపోనివ్వాలన్న సలహా ప్రేమతో ఇచ్చేదే అయినా అది ఎదురు తిరుగుతుంది. పాలు పుట్టించే హార్మోను రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది, పైగా ఒక పూట ఇవ్వకపోతే రొమ్ములో పాలు గడ్డకడతాయి. గట్టిపడిన చోట, పాలిచ్చేముందు వెచ్చని గుడ్డతో కాపడం పెట్టి, బిడ్డ చేత తాగించి, మిగిలినది చేత్తో పిండి తీసివేయాలి. ఎర్రబడి, జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి. అప్పుడు కూడా ఆ రొమ్ము పాలు ఆపనక్కరలేదు.

బాలింత పథ్యం గురించి రెండు మాటలు చెప్పాలి. వెల్లుల్లి కారం, శొంఠి, పిప్పళ్ళు వేసిన కాయం, కోస్తా ఇళ్ళలో పాలసొర పిట్టు, నేతి అన్నం, ఇవన్నీ ఇష్టంగా తింటే మంచి ఆహారమే. పాలు పుట్టించేది మాత్రం బిడ్డ పీల్చడమే. పథ్యం పేరుతో నీళ్ళు తగ్గించడం, ఆకుకూరలు, పప్పు, పెరుగు, పళ్ళు మాన్పించడం తప్పు. నీళ్ళు తాగితే పొట్ట వస్తుందని, కుట్లు చీము పడతాయని చెప్పేవారి మాట వినకండి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, పాలిచ్చే ప్రతిసారీ పక్కన చెంబుతో నీళ్ళు ఉంచడం ఇంటివారి బాధ్యత. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలను కాన్పు తరువాత 180 రోజులు వాడాలి.

నిద్రను పంచుకోవడం

బిడ్డ రోజులో పదహారు గంటల దాకా నిద్రపోతుంది. వినడానికి ఇది బాగానే ఉంటుంది, కాని ఆ నిద్ర అంతా గంటా రెండు గంటల ముక్కలు. పైగా దానికి రాత్రికీ పగలుకూ తేడా తెలియదు. పగలు కిటికీలు తెరిచి, ఇంటి చప్పుళ్ళ మధ్యనే పడుకోబెడుతూ, రాత్రి మసక వెలుతురులో మాటలు లేకుండా పాలిచ్చి పడుకోబెడుతూ వస్తే నెలా నెలన్నరకు కొంత దారికి వస్తుంది. అంతవరకు ఇంట్లో పెద్దవాళ్ళే వంతులు వేసుకోవాలి.

వంతు అంటే ఇలా ఉండాలి. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు ఒకరు, ఒంటిగంట నుంచి తెల్లవారుజాము వరకు మరొకరు మెలకువగా ఉండే బాధ్యత తీసుకోవాలి. బిడ్డ కదిలినప్పుడు గుడ్డ మార్చి తల్లి పక్కకు చేర్చడం, పాలు తాగాక భుజం మీద వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, మళ్ళీ పడుకోబెట్టడం వారి పని. తల్లి పాలిచ్చినంతసేపే మేలుకుంటుంది. ఈ పద్ధతిలో ఆమెకు రాత్రికి రెండుసార్లు రెండేసి గంటల నిద్ర దొరుకుతుంది. మొదటి నెలలో అది తక్కువేమీ కాదు. అమ్మమ్మగారు పగలంతా వంట చేసి రాత్రంతా మేలుకుంటే పదవ రోజుకు ఆవిడే మంచాన పడతారు కనుక తండ్రి వంతు తప్పకుండా ఉండాలి. వేరే ఊళ్ళో అద్దె ఫ్లాటులో భార్యాభర్తలిద్దరే ఉన్నచోట, వంటకు మనిషిని పెట్టుకోవడమో, పక్కింటివారి నుంచి పూట భోజనం అడిగి తెచ్చుకోవడమో మొహమాటం లేకుండా చేయవలసిన పని. బిడ్డను చూడడానికి వచ్చే బంధువులు చేతులు కడుక్కుని దూరం నుంచి చూసి, ముద్దులు పెట్టకుండా, పావుగంటలో లేచేలా చూడండి. జలుబుతో ఉన్నవారు బారసాలకు వస్తే చాలని చెప్పడంలో మర్యాద తప్పేదేమీ లేదు.

బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. బోర్లా, పక్కకు పడుకోబెట్టినప్పుడు నిద్రలోనే ఊపిరాడక పోయే ప్రమాదం ఎక్కువ. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. ముఖం మీదికి వచ్చే దుప్పట్లు, దిండ్లు, బొమ్మలు దగ్గర ఉండరాదు. తల గుండ్రంగా రావడానికి వాడే ఆవాల దిండు కూడా ఈ కారణం వల్లనే వద్దు. మేలుకుని ఉన్నప్పుడు రోజూ కొద్దిసేపు పెద్దల కళ్ళ ముందు బోర్లా వేయడం, పడుకోబెట్టేటప్పుడు తలను పూటకొక పక్కకు తిప్పడం తల ఆకారానికి మంచిది. చీర ఊయల మనకు ప్రాణం. ఊపుతూ పక్కన కూర్చున్నంతసేపు అందులో ఉంచవచ్చు. గడ్డం ఛాతీకి ఆనేలా బిడ్డ ముడుచుకుపోతుంది కనుక రాత్రి నిద్రకు మాత్రం చదునైన పక్కే కావాలి. సోఫాలో బిడ్డను గుండెల మీద వేసుకుని కునుకు తీయడం అన్నిటికన్నా ప్రమాదకరం. అలసిపోయిన తండ్రులు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

నీళ్ళు పోయడం

పుట్టిన 24 గంటల వరకు స్నానం చేయించరాదు. బొడ్డు ఊడేవరకు గోరువెచ్చని నీళ్ళలో ముంచిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. బొడ్డు సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఎండి ఊడుతుంది. పసుపు, బూడిద, పౌడరు, నూనె వంటివి ఏవీ దానికి రాయకండి, పొడిగా గాలికి వదిలేయండి. చుట్టూ చర్మం ఎర్రబడి వాచినా, చీము, దుర్వాసన వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

బొడ్డు ఊడిన తరువాత కాళ్ళు చాపుకుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నీళ్ళు పోసే మన పద్ధతి చక్కనిదే. ఇంటికి వచ్చి నీళ్ళు పోసే ఆవిడ చేతి చలవ వల్ల బిడ్డ హాయిగా నిద్రపోవడం చాలా ఇళ్ళలో చూస్తాము. కొబ్బరినూనెతో మెల్లగా ఒళ్ళు నిమరడం చర్మానికి మంచిది. ఆ పద్ధతిలో మానవలసినవి వేరే ఉన్నాయి. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయడం, ముక్కు నిలబడాలని లాగడం, మాడును నొక్కడం, గొంతులోకి వేలు పెట్టి తెమడ తీయడం, పుట్టినప్పుడు ఉబ్బి ఉండే రొమ్ములను పిండి పాలు తీయడం వల్ల బిడ్డకు హాని జరుగుతుంది. ఆ వాపు తల్లి హార్మోన్ల వల్ల వచ్చి దానంతట అదే పోతుంది. పిండితే చీము పడుతుంది. సున్నిపిండిని మొదటి నెలలు పక్కన పెట్టండి. సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు పడదు. కాటుకలో సీసం ఉండే అవకాశం ఉంది కనుక కళ్ళకు పెట్టకండి. దిష్టి చుక్క పెట్టకపోతే అమ్మమ్మ మనసు ఊరుకోదు కాబట్టి అరికాలికి పెట్టుకోవచ్చు, చేతులకు అంటి నోట్లోకి వెళ్ళే చోట వద్దు.

చలికాలంలో పెద్దవాళ్ళు వేసుకున్నదానికన్నా ఒక పొర ఎక్కువ, తలకు టోపీ సరిపోతాయి. మే నెలలో స్వెట్టరు, మేజోళ్ళు తొడిగి చెమటపొక్కులు తెప్పించడం అపరాధమే. బరువు రెండున్నర కిలోల కన్నా తక్కువ ఉన్న బిడ్డకు, తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టుకుని ఉంచే కంగారూ పద్ధతికి మించిన వెచ్చదనం లేదు. తల్లి అలసిపోతే తండ్రి కూడా అలా ఉంచుకోవచ్చు.

ఎక్కిళ్ళు, తుమ్ములు, పాలు తాగాక పెదవి చివర నుంచి కొద్దిగా కారడం, చర్మం పొరలుగా ఊడడం, ఆడపిల్లకు మొదటి వారంలో తెల్లగానో, ఒకటి రెండు చుక్కలు ఎర్రగానో కనబడడం, ఇవేవీ జబ్బులు కావు.

కామెర్లు, ఇతర ప్రమాద సూచనలు

చాలామంది శిశువులకు రెండు మూడవ రోజున చర్మం పచ్చబడి, అయిదవ రోజు దాకా పెరిగి, రెండు వారాల లోపల తగ్గుతుంది. పాలు ఎక్కువసార్లు తాగితే ఆ పచ్చదనం విరేచనంలో పోతుంది. పుట్టిన 24 గంటల్లోపు కనిపించినా, అరచేతులు, అరికాళ్ళ దాకా పాకినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా అది వేరే సంగతి. అటువంటప్పుడు పసరు మందు, ఉదయపు ఎండ అంటూ కాలయాపన చేస్తే మెదడు దెబ్బతినవచ్చు. రక్తపరీక్ష చేసి నీలికాంతి కింద ఉంచడమే చికిత్స. రెండు వారాలు దాటినా పచ్చదనం పోకుండా, విరేచనం సుద్దలా తెల్లగా వస్తుంటే ఆ రోజే చూపించాలి. పైత్యనాళాలు మూసుకుపోయిన బిడ్డకు చేసే శస్త్రచికిత్స అరవై రోజుల వయసు లోపల చేస్తేనే ఎక్కువ ఫలిస్తుంది.

ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటరు ఉంచుకోండి. చంకలో పెట్టి చూస్తే 97.7 నుంచి 99.5 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య ఉండాలి. 100.4 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే మందు వేసి చూద్దామని ఆగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. ఒళ్ళు చల్లబడి, తల్లి ఒంటికి హత్తుకుని ఉంచినా గంటలో వేడెక్కకపోవడం కూడా జ్వరమంత ప్రమాదమే. ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషానికి అరవై, ఆపైన ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి లాగుతున్నా, మూర్ఛ వచ్చినా, పెదవులు నీలిబడినా, ఆకుపచ్చగా వాంతి చేసుకున్నా, వరుసగా రెండు మూడు వేళలు పాలు పట్టకపోయినా 108కు ఫోన్ చేయండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో శిశువులకు వైద్యం, మందులు, రవాణా జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను తూచి, ఉష్ణోగ్రత చూడవలసి ఉంటుంది. మేడ ఇంటివారు ఆమెను గుమ్మంలోనే పంపించివేయడం తరచుగా చూస్తుంటాము. లోపలికి పిలిచి, క్యాలెండరు మీది లెక్క చూపించండి, దానిని సరిగా చదవగలిగేది ఆమే.

తల్లి మాట

మూడవ రోజు నుంచి బాలింతకు ఊరికే కన్నీళ్ళు రావచ్చు. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్రలేమి, నొప్పి కలిసి చేసే పని ఇది. రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. ఆ రోజుల్లో ఆమె పక్కన కూర్చుని వినడం చాలు, పండంటి బిడ్డ పుట్టాక ఏడుస్తావేమిటని మందలించకండి. రెండు వారాలు దాటినా దిగులు పోకుండా, బిడ్డ మీద మనసు పోకుండా, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకుండా, చచ్చిపోవాలని అనిపిస్తూ ఉంటే అది కాన్పు తరువాత వచ్చే కుంగుబాటు. పాలిస్తూనే వాడగల మందులు దానికి ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. లేని మాటలు వినిపించడం, పొంతన లేకుండా మాట్లాడడం, బిడ్డకు హాని చేస్తానన్న మాట అనడం జరిగితే ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. గాలి సోకిందని భూతవైద్యుడి కోసం తిరిగిన ప్రతి రోజూ నష్టమే. ఆడపిల్ల పుట్టిందని నిట్టూర్చే చుట్టాలను ఆమె గది దాకా రానివ్వకండి. ఆ నిట్టూర్పు ఎన్నేళ్ళయినా మరపు రాదు.

శరీరం సంగతి: ఎర్రని స్రావం క్రమంగా పలచబడుతూ ఆరు వారాల వరకు ఉండవచ్చు. గంటకొక ప్యాడు నిండిపోవడం, పెద్ద గడ్డలు పడడం, దుర్వాసన, జ్వరం, కళ్ళు మసకబారే తలనొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపెట్టడం ఆగదగిన విషయాలు కావు.

బిడ్డ ఏడుపు ఆరవ వారం వరకు పెరిగి, ఆ తరువాత తగ్గుతుంది. సాయంత్రం పూట గంటా రెండు గంటలు ఏ కారణమూ లేకుండా ఏడ్చే రోజులు వస్తాయి. గుడ్డ, ఆకలి, ఉక్క చూసిన తరువాత కూడా ఆగకపోతే ఎత్తుకుని తిప్పండి, లాలి పాడండి. సహనం తెగిపోతున్నదని అనిపిస్తే బిడ్డను పక్క మీద పడుకోబెట్టి, మరొకరిని పిలిచి, అయిదు నిమిషాలు బయటికి వెళ్ళండి. ఎంత కోపంలోనైనా కుదపకూడదు. మెడ నిలవని బిడ్డను గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం కావచ్చు.

కాగితాలు, ఆరో వారం

పుట్టిన 21 రోజుల లోపల జననం ఉచితంగా నమోదవుతుంది. ఆసుపత్రే పంపుతుందన్న ధీమాతో ఉండకుండా తల్లిదండ్రుల పేర్ల అక్షరాలు సరిచూసుకోండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేర్చడం మొదలు పాస్‌పోర్టు వరకు జనన ధ్రువపత్రమే ఆధారం కనుక ఇప్పటి ఒక్క అక్షరం తప్పు తరువాత ఎన్నో ప్రదక్షిణలు చేయిస్తుంది. పేరు ఇంకా కుదరకపోతే పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాది లోపల రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఇరవై ఒకటవ రోజు బారసాలలో బియ్యంలో రాసిన పేరు, ధ్రువపత్రంలో రాసే పేరు ఒకటే అయ్యేలా ఇద్దరు తాతయ్యలనూ ముందే ఒప్పించుకోవడం మీ చాకచక్యం.

నెల దాటాక ఎడమ భుజం మీద బి.సి.జి. వేసిన చోట చిన్న గడ్డ లేచి, చితికి, మచ్చ పడుతుంది. దానిని నొక్కకండి, మందు రాయకండి. ఆరు వారాలు నిండగానే అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్, పోలియో, రోటా, న్యూమోనియా టీకాలకు బిడ్డను తీసుకువెళ్ళాలి. అదే పూట తల్లి కూడా చూపించుకుని, కుట్లు, రక్తహీనత, తదుపరి కాన్పుకు ఎడం గురించి డాక్టరుతో మాట్లాడాలి. నెలసరి మొదలుకాకముందే గర్భం నిలిచే వీలుంది. టీకా వేసే ముందూ, వేసిన వెంటనే పాలిస్తే బిడ్డ తొందరగా ఊరుకుంటుంది. ఆ రాత్రి కొద్దిగా ఒళ్ళు వెచ్చబడవచ్చు కనుక, బిడ్డ బరువును బట్టి జ్వరం మందు ఎన్ని చుక్కలు వేయాలో అక్కడే అడిగి క్యాలెండరు మీద రాసుకుని, ఆ రాత్రి వంతు ఎవరిదో సాయంత్రమే తేల్చుకోండి.